హామీపత్రంలో మూడో వాక్యం

రాసి బతకాలనుకునేవాళ్ళకి పని దొరకడం ఎంత కష్టమో సౌదామినిని అడగాలి. అడిగినవాళ్ళు మాత్రం చేతిలో టీ చల్లారిపోతుందని ముందే సిద్ధపడాలి.

కాకినాడ జగన్నాథపురంలో వంతెన దిగాక రెండో సందులో, మేడ మీద వాటా ఆమెది. వయసు ముప్ఫై తొమ్మిది. పదిహేడో ఏట ఒక వారపత్రికలో మొదటి కథ అచ్చయింది. అక్కణ్ణించి రెండు వందల పైచిలుకు కథలు రాసింది. కథ పంపిన ప్రతిసారీ అడుగున తన చేతివ్రాతతో హామీపత్రం జతచేసేది. "ఇది నా సొంత రచన. దేనికీ అనువాదం గాని అనుకరణ గాని కాదు. ప్రస్తుతం మరే పత్రిక పరిశీలనలోనూ లేదు." తెలుగులో కథలు రాసేవాళ్ళందరికీ ఈ మూడు వాక్యాలూ కంఠతా వచ్చు. చెయ్యి దానంతటదే రాసుకుపోతుంది. అది రాస్తున్నంతసేపూ సౌదామిని పొయ్యి మీద కూర సంగతి ఆలోచించేది.

పత్రికలు ఒక్కొక్కటే మూతపడ్డాక ఇంటర్నెట్‌లో పనులు వెతుక్కుంది. పచ్చళ్ళ కంపెనీకి ఆవకాయ మీద వర్ణనలు రాసింది. ఒక జ్యోతిషం సైటుకి రాశిఫలాలు రాసింది. పన్నెండు రాశులవాళ్ళకీ మంచే జరుగుతుందని రాస్తే, కాసిన్ని కష్టాలు కూడా కలపమని తిప్పి పంపారు. రిటైరయ్యే మాస్టార్లకి సన్మానపత్రాలు రాసింది. తరవాత అవన్నీ యంత్రాలే రాయడం మొదలెట్టాయి. యంత్రం రాసిన సన్మానపత్రం విని పెద్దాపురంలో ఒక హెడ్మాస్టరు వేదిక మీదే కళ్ళు తుడుచుకున్నాడని తెలిసిన రోజున ఆమెకి అన్నం సయించలేదు.

రోజూ పొద్దున్నే కూతురు తరళకి జడలు వేసి బడికి పంపడం, ఆ తరవాత ఫోన్‌లో అవకాశాల పేజీలు తిరగెయ్యడం. ఇదీ ఆమె దినచర్య. ప్రతి పేజీలోనూ రచయితలు కావలెను అనే ఉంటుంది. లోపలికి వెళ్ళి చూస్తే పారితోషికం ఉండాల్సిన చోట మంచి గుర్తింపు లభిస్తుందని ఉంటుంది.

"గుర్తింపు పెట్టి కందిపప్పు ఇమ్మంటే కొట్టువాడు ఇవ్వట్లేదే" అనేవాడు కామేశం. అతను ఆమె భర్త. చేపల రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో మెకానిక్కు. ఎప్పుడు ఇంటికొచ్చినా చేతులు చల్లగా ఉండేవి.

తరళకి పన్నెండేళ్ళు. జడలు వేసేటప్పుడు సౌదామిని ఏదో ఒక కథ చెప్పేది. కథ రసపట్టులో పడేసరికి దువ్వెన ఆగిపోయేది, పాయలు జారిపోయేవి, ఎడమ జడ కుడి జడ కన్నా రెండు వేళ్ళు పైకి పోయేది. ఆ వంకర జడలతోనే పిల్ల మెట్లు దిగి పరిగెత్తేది. సందు మలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, మేడ మీద నిలబడ్డ తల్లికి చెయ్యి ఊపి మరీ మలుపు తిరిగేది. ఎంత ఆలస్యమైనా సరే, ఆ ఒక్కటీ మానేది కాదు.

ఇన్ని కథలు రాసిన మనిషి కూతురి గురించి మాత్రం ఒక్క వాక్యం రాయలేదు. దిష్టి తగులుతుందని భయం. చదువుకున్నదానివి నీకేంటీ పిచ్చి అని ఎవరైనా అంటే నవ్వేసి ఊరుకునేది.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున ఆ ప్రకటన కనబడింది. "మనిషి రాసిందే కావాలి. యంత్రం వల్ల కానిది కావాలి. తగిన పారితోషికం ఇవ్వబడును." కింద ఆర్ద్ర అని సంస్థ పేరు, విశాఖపట్నం చిరునామా ఉన్నాయి. సౌదామిని ఆ మూడు ముక్కలూ నాలుగు సార్లు చదువుకుంది.

*

ఆర్ద్ర ప్రయోగశాల రుషికొండ దగ్గర, సముద్రం వైపు కిటికీలున్న భవనంలో ఉంది. దాన్ని నడిపే శాస్త్రవేత్త పేరు డాక్టర్ మార్తాండ. సన్నగా, మాట మెత్తగా ఉన్న మనిషి. ఆయన బల్ల మీద రెండు పట్టీలు పెట్టాడు. ఒకటి నీలం, ఒకటి తెలుపు. నుదుటికి కట్టుకునే వెడల్పు రిబ్బన్లలా ఉన్నాయి.

"నీలంది రాసేవాళ్ళకి. తెల్లది చదివేవాళ్ళకి. మాటలు ఎవరైనా రాస్తారమ్మా, యంత్రం మీకన్నా బాగా రాస్తుంది. మీరు రాసేటప్పుడు మీ లోపల ఏం జరుగుతుందో అది యంత్రం దగ్గర లేదు. మాకు కావాల్సింది అది."

"ఏం రాయమంటారు?"

"మీరు ఎవరినైనా గట్టిగా ప్రేమించారా? వాళ్ళ గురించి."

సౌదామిని అమ్మమ్మ తాయారమ్మ గురించి రాసింది. తల్లి చిన్నప్పుడే పోతే పెంచింది ఆవిడే. తన పాత నేతచీరలన్నీ కలిపి మనవరాలికి బొంత కుట్టింది. ఒక్కో అంగుళం చూపిస్తూ ఇది నీ బారసాల నాటి చీర, ఇది నీకు ఆటలమ్మ పోసినప్పటి చీర అని చెప్పేది. ఆ బొంత ఇప్పటికీ సౌదామిని దగ్గరుంది. మనసు బాగోనప్పుడు అందులో మొహం దాచుకునేది. అదంతా నాలుగు పేజీలు రాసేసరికి నీలం పట్టీ చెమటకి తడిసిపోయింది.

"హామీపత్రం కూడా రాసివ్వండి, ఇదిగో నమూనా" అని మార్తాండ ఒక కాగితం ముందుకి తోశాడు. నమూనా చూసి రాయడానికి సౌదామినికి నవ్వొచ్చింది. నాకు నమూనా ఎందుకండీ అంటూనే, కాకినాడ బస్సు ఎన్నింటికో, తరళ బడి నుంచి వచ్చేసరికి ఇంటికి చేరతానో లేదో అనుకుంటూ నమూనాలో ఉన్న మూడు వాక్యాలూ ఉన్నవి ఉన్నట్టు దింపేసి సంతకం పెట్టింది.

పక్క గదిలో ఒక రిటైర్డ్ పోస్టుమాస్టరు ఉన్నాడు. భార్య పోయి ఏడాదైనా ఆయనకి ఏడుపు రాలేదట, దానికే కుమిలిపోతున్నాడట. తెల్ల పట్టీ కట్టుకుని ఆ నాలుగు పేజీలూ చదివాడు. మూడో పేజీలో ఆగి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆఖరి పేజీ అయ్యేసరికి చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. లేచొచ్చి సౌదామిని రెండు చేతులూ పట్టుకుని, "మా ఆవిణ్ణి ఇప్పుడు సాగనంపానమ్మా" అన్నాడు.

సరిగ్గా అప్పుడే సౌదామినికి తలలో వెనకవైపు ఎవరో మెల్లిగా కిటికీ మూసినట్టు చల్లగా అనిపించింది. ఏసీ గాలి అనుకుంది. ఇరవై రెండేళ్ళుగా రాస్తూ, చదివినవాడి కన్నీళ్ళు ఎదురుగా చూడటం ఆమెకదే మొదటిసారి. ఆ సంబరంలో చల్లదనం సంగతి మరిచిపోయింది.

*

ఆర్ద్రవాళ్ళు పట్టీలు రెండూ జతగా పెట్టెలో పెట్టి ఇంటికే ఇచ్చారు, చదివేవాళ్ళకి వేరే తెల్ల పట్టీ వాళ్ళే పంపుకునేవారు. నెలకి ఒకటో రెండో కోరికలు ఫోన్‌కి వచ్చేవి. తమ్ముడితో మాటలు లేని అన్న ఒకడు, స్నేహం అంటే ఏమిటో తెలియకుండా ముసలివాడైపోయిన వ్యాపారి ఒకడు. సౌదామిని చదువుకునే రోజుల నాటి స్నేహితురాలి గురించి రాసింది. మొదటి కథ అచ్చులో చూసుకున్న ఉదయం గురించి రాసింది. చదివినవాళ్ళ ఉత్తరాలు వచ్చేవి. మా అన్నదమ్ములం పదేళ్ళకి కలిసి భోంచేశామండీ అని ఒకరు రాస్తే, ఆ ఉత్తరం ఫ్రిజ్ తలుపుకి అంటించింది. పనికి పని, పుణ్యానికి పుణ్యం అనుకుంది. ఇంట్లోకి కొత్త మిక్సీ, తరళకి సైకిలు వచ్చాయి.

ఒక ఆదివారం కామేశం వంటింట్లోకి వచ్చి, నేల మీద తడి తుడుస్తున్న గుడ్డని చూసి ఆగిపోయాడు.

"అది మీ అమ్మమ్మ బొంత కాదేంటే?"

"అవునండీ. పాతబడిపోయింది కదా, ముక్కలు చేశాను. నీళ్ళు బాగా పీలుస్తోంది."

కామేశం ఆ తడిగుడ్డ దాటుకుని పీట మీద కూర్చున్నాడు. ఆడవాళ్ళకి ఏ వస్తువు మీద ఎప్పుడు మోజు తీరుతుందో ఎవడికి తెలుసు అనుకున్నాడు పాపం. ఇంకాస్త గట్టిగా అడిగి ఉంటే బాగుండేది. సౌదామినికి తాయారమ్మ మాట, నడక, మజ్జిగ చిలికిన చప్పుడు అన్నీ గుర్తున్నాయి. అంతే, గుర్తున్నాయి.

దసరాకి ముందు తుని నుంచి గోవిందు అనే అతను రాశాడు. భార్య పేరు నీలవేణి. బాబు పుట్టి మూడు నెలలైంది. ఆవిడ బిడ్డని ఎత్తుకోదు, వాడి వైపు చూడదు, పాలివ్వమంటే గోడ వైపు తిరిగి పడుకుంటుంది. డాక్టర్లు మందులిచ్చారు, గుణం కనబడలేదు. "తల్లి మనసు రాసిపెట్టండి మేడమ్" అని ప్రాధేయపడ్డాడు.

సౌదామిని కుదరదని చెప్పింది. కూతురి గురించి రాయకూడదన్నది ఆమె పెట్టుకున్న నియమం కదా. మర్నాడు గోవిందు ఒక వాయిస్ మెసేజి పంపాడు. అందులో అతను మాట్లాడలేదు. పసివాడి ఏడుపు మాత్రమే ఉంది. గొంతు ఎండిపోయి, పిల్లి కూనలా, ఏడవడానికి కూడా ఓపిక లేని ఏడుపు.

అది విన్నాక ఆమె చేతులు ఆగలేదు. తరళ ఎనిమిదో నెలలోనే పుట్టేసింది. పంతొమ్మిది రోజులు ఆస్పత్రిలో అద్దాల పెట్టెలో ఉంది. పెట్టె పక్కనున్న రంధ్రంలోంచి తల్లి వేలు మాత్రం లోపలికి పట్టేది. ఆ వేలు పట్టుకునే పిల్ల పంతొమ్మిది రోజులూ బతికింది. వేలు తీస్తే ఊపిరి తడబడేది, అందుకని సౌదామిని కూర్చునే నిద్రపోయేది. కాకినాడ పిల్లవి కాబట్టి నువ్వు నా కాజావి, పాకం కారిపోకుండా ఉండవే తల్లీ అని అద్దానికి మూతి ఆనించి చెప్పేది. ఇదంతా రాసింది. జడల సంగతి, మలుపు దగ్గర చెయ్యి ఊపడం కూడా రాసింది. దిష్టి తగలకుండా చూడు దేవుడా అని దండం పెట్టుకుని, హామీపత్రం దింపి, పంపేసింది.

రెండు రోజుల తరవాత పట్టపగలు బట్టలు ఆరేస్తుంటే తలలో వెనక కిటికీ మూసుకుంది. కాసేపటికి గోవిందు వీడియో పంపాడు. నీలవేణి బిడ్డని గుండెకి హత్తుకుని వాడి వేళ్ళు ఒక్కొక్కటే ముద్దుపెట్టుకుంటోంది. సౌదామిని వీడియో ఆఖరిదాకా చూసి, మిగతా బట్టలు ఆరేసింది.

*

మర్నాడు తరళ అద్దంలో చూసుకుని, "అమ్మా, జడలు తిన్నగా వచ్చాయి" అంది.

"మంచిదేగా."

"కథ చెప్పలేదు నువ్వు."

"ఆలస్యమవుతోంది కదా. వెళ్ళు."

పిల్ల మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూసింది. మేడ మీద ఎవరూ లేరు. ఆ రోజు సరే, ఏదో పనిలో ఉందనుకుంది. తరవాతి రోజూ లేదు, ఆ తరవాతా లేదు.

సౌదామిని దేనికీ లోటు చెయ్యలేదు. టైముకి అన్నం, టైముకి పాలు, ఇస్త్రీ బట్టలు. పక్కవాటా వాళ్ళని ఎంత శ్రద్ధగా అడుగుతుందో అంత శ్రద్ధగా పిల్లని కూడా తిన్నావా అని అడిగేది. తరళ పరీక్షలు పెట్టడం మొదలెట్టింది. కావాలని గ్లాసు పగలగొట్టింది, సౌదామిని చీపురు తెచ్చి ఊడ్చింది. లెక్కల్లో సున్నా తెచ్చుకుంది, సౌదామిని మార్కుల కార్డు మీద సంతకం పెట్టింది. ఒకరోజు ఒళ్ళో తల పెట్టుకుని, "అమ్మా, నేను అద్దాల పెట్టెలో ఉన్నప్పటి సంగతి నీకు గుర్తుందా?" అని అడిగింది.

"అన్నీ గుర్తున్నాయిలే" అంది సౌదామిని, కాలు తిమ్మిరెక్కుతోందని పిల్ల తలని పక్కకి జరుపుతూ.

ఆ వారంలోనే తరళకి జ్వరం వచ్చింది. కామేశం ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి పిల్ల మూలుగుతోంది. సౌదామిని పక్క గదిలో ఫోన్‌లో అవకాశాల పేజీ చూసుకుంటోంది.

"మాత్ర వేశానండీ. మళ్ళీ ఆరు గంటల తరవాత వెయ్యాలి."

కామేశం ఆమె భుజాలు పట్టుకుని కుదిపేశాడు. "నీకేవైందే? ఇదివరకు దానికి ముక్కు కారితేనే ఇల్లు పీకి పందిరేసేదానివి! నీకేవైందో చెప్పు!"

సౌదామిని నిజంగా ఆలోచించింది. "ఏమీ అవలేదండీ. నాకసలు ఏమీ అవడం లేదు" అంది. ఆ మాట చెప్పేటప్పుడు కూడా ఆమె గొంతు మామూలుగానే ఉంది. కామేశానికి వంటింట్లో ఆరేసిన బొంత ముక్క కనబడింది. అప్పటికి అతనికి అర్థమైంది, ఆర్ద్రవాళ్ళకి ఎవరి గురించి రాసిచ్చిందో వాళ్ళ మీదే ఆమెకి మనసు పోయిందని.

*

జ్వరం తగ్గాక ముగ్గురూ విశాఖపట్నం వెళ్ళారు. తరళని బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. తలుపు సరిగ్గా పడలేదని ఎవరూ చూసుకోలేదు.

మార్తాండ ఏదీ దాచలేదు. దాచనందుకైనా అతన్ని మెచ్చుకోవాలనిపించదు గాని, చెప్పింది మాత్రం నిజం.

"మొదట్లో నకలు తీసేవాళ్ళం. చదివినవాళ్ళలో అది వారం కూడా నిలిచేది కాదు. రాసినవాళ్ళ దగ్గర అసలుది ఉన్నంతకాలం నకలు ఇంకిపోయేది. ఎందుకో మాకు ఇప్పటికీ తెలియదు. అసలుదాన్ని ఆపితే నిలిచింది. చదివినవాళ్ళలో దిగిన క్షణంలో రాసినవాళ్ళలో ఆరిపోతుంది. జ్ఞాపకం ఉంటుంది, మనసు ఉండదు."

"ఈ ముక్క ముందు చెప్పి ఏడవచ్చు కదయ్యా!" అన్నాడు కామేశం.

"చెప్పాం. ఆవిడ చేతే రాయించాం." మార్తాండ సొరుగులోంచి కాగితం తీశాడు. సౌదామిని చేతివ్రాత. ఇది నా సొంత రచన. దేనికీ అనువాదం గాని అనుకరణ గాని కాదు. ఈ రచనలోని అనుభూతి ఇకపై నా వద్ద గాని మరెవరి వద్ద గాని ఉండదు.

సౌదామిని మూడో వాక్యం దగ్గర ఆగింది. ఆ అక్షరాలు తనవే. రాసినప్పుడు బస్సు టైము గురించి ఆలోచించిందని కూడా గుర్తుంది.

"వేరే భాషలవాళ్ళు వకీళ్ళని వెంటబెట్టుకుని వచ్చారు" అన్నాడు మార్తాండ తల వంచుకుని. "ఆ వాక్యం దగ్గర వంద ప్రశ్నలు వేశారు. సగం మంది లేచి వెళ్ళిపోయారు. తెలుగు రచయితలు తొంభై మంది వచ్చారమ్మా. హామీపత్రం అనగానే తొంభై మందీ కలం తీసి చకచకా రాసిచ్చేశారు. ఒక్కరైనా అడిగితే చెబుదామని ప్రతిసారీ ఎదురుచూశాను."

"అడక్కపోతే చెప్పకూడదా?" అన్నాడు కామేశం. మార్తాండ కాగితం మళ్ళీ సొరుగులో పెట్టేశాడు.

"పోయింది తిరిగి రాదా?" అని మళ్ళీ కామేశమే అడిగాడు.

"నీలవేణి నీలం పట్టీ కట్టుకుని రాసివ్వాలి. అప్పుడు ఆవిడకి ఉండదు. లేదంటే ఇంకొక దారి ఉంది, ఖచ్చితంగా చెప్పలేను. తల్లీబిడ్డల మధ్యది ఏదైనా సరే, ఇంకెవరిదైనా ఈవిడ చదివితే, దాన్ని పట్టుకుని మనసు మళ్ళీ అల్లుకోవచ్చు. కానీ ఎవరిస్తారు? ఇచ్చినవాళ్ళకి పోతుంది కదా."

తలుపు అవతల బెంచీ కిర్రుమంది.

తిరిగి వస్తూ తునిలో దిగారు. దిగుదామన్నది కామేశమే. కూతురి మీద ప్రేమ తిరిగి కావాలని అనిపించడానికైనా ఆ ప్రేమ ఉండాలి కదా, సౌదామినికి అది కూడా అనిపించడం లేదు. రైలు కట్ట దగ్గర డాబా ఇల్లు. గడపలో నిలబడేసరికే నీలవేణి గొంతు వినబడింది. "నా కాజావి కదూ, పాకం కారిపోకుండా ఉండవేరా తండ్రీ" అంటోంది. బాబు బొద్దుగా ఉన్నాడు, తల్లి వేలు పట్టుకుని వదలడం లేదు. వచ్చినవాళ్ళు ఎవరో చెప్పక ముందే నీలవేణి సౌదామిని కాళ్ళకి దండం పెట్టబోయింది.

తరళ తండ్రి చొక్కా గట్టిగా పట్టుకుంది. అది తన పేరు. తన పాకం.

కామేశం కూతుర్ని దగ్గరికి లాక్కున్నాడు. సౌదామిని మాత్రం లెక్క వేసినట్టు నెమ్మదిగా ఆలోచించింది. ఇక్కడిది తీసేస్తే ఈ పసివాడు బతకడు. మా పిల్లకి పన్నెండేళ్ళు, తండ్రి ఉన్నాడు. "బాబు బావున్నాడమ్మా" అని చెప్పి మెట్లు దిగింది. బస్సులో కామేశం కండువా నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. తరళ ఏడవలేదు, కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

*

వారం తిరిగింది. సోమవారం పొద్దున తరళ స్నానం చేసి, జుట్టు విరబోసుకుని వచ్చింది. చేతిలో గీతల నోటుపుస్తకం, తెల్ల పట్టీ ఉన్నాయి.

"అమ్మా, వ్యాసం రాశాను. ఇది కట్టుకుని చదువు."

సౌదామిని తలెత్తింది. పిల్ల నుదుటి మీద అడ్డంగా ఎర్రటి ముద్ర ఉంది. నీలం పట్టీ కట్టుకుని చాలాసేపు రాస్తే పడే ముద్ర అది. అద్దంలో తన మొహం మీద ఎన్నోసార్లు చూసుకుంది. ఏ తల్లయినా అక్కడికక్కడే ఆ పుస్తకం లాక్కుని చించి పోగులు పెట్టేది. కానీ పిల్లకేమవుతుందో అన్న భయం కూడా తునికి వెళ్ళిపోయినదాంట్లోనే ఉంది. సౌదామిని తడి చెయ్యి తుడుచుకుని, పట్టీ కట్టుకుని, చదవడం మొదలుపెట్టింది.

"మా అమ్మ జడలు వంకరగా వేస్తుంది. బళ్ళో అందరూ నవ్వుతారు. నేను విప్పుకోను. ఎందుకంటే ఎడమ జడ పైకి పోయిందంటే ఆ రోజు కథ బావుందని అర్థం. మా అమ్మకి నా చెప్పుల చప్పుడు తెలుసు. మెట్ల మీద నేను ఉన్నప్పుడే గ్లాసులో పాలు పోస్తుంది. నాకు చీకటంటే భయం, ఆ సంగతి అమ్మకి ఒక్కదానికే చెప్పాను, అమ్మ నాన్నకి కూడా చెప్పలేదు. మలుపు దగ్గర నేను ఎందుకు తిరిగి చూస్తానంటే, చూడకపోతే అమ్మ అక్కడే నిలబడిపోతుందేమోనని. ఇప్పుడు అమ్మ నిలబడటం లేదు. నాకు రోజూ అక్కడ కడుపులో నొప్పి వస్తుంది. అయినా తిరిగి చూస్తున్నాను. డాక్టరుగారు చెప్పింది విన్నాను. నాది అమ్మకి ఇచ్చేస్తున్నాను. అమ్మకి వచ్చేస్తే నన్ను మళ్ళీ కాజా అంటుంది. అప్పుడు నాకు కూడా మళ్ళీ వస్తుంది."

సౌదామిని రెండో పేజీ తిప్పింది. ఒక్క విసురున వచ్చిపడింది. చెప్పుల చప్పుడు, పాల గ్లాసు, చీకటి, మలుపు దగ్గర ఖాళీ మేడ, ఆ కడుపు నొప్పి. ఆ పిల్ల తనని ఇంతలా ప్రేమించిందా! ఇన్నాళ్ళూ ఆ ప్రేమకి ఎదురుగా రాయిలా కూర్చుంది తనేనా! దానితోపాటే ఎక్కడో అడుగున అద్దాల పెట్టె కదిలింది, వేలికి చుట్టుకున్న చిన్న గుప్పిట తగిలింది. "ఓసి నా తల్లీ, నా కాజా..." అంటూ తలెత్తింది.

తరళ తల వెనక చెయ్యి పెట్టుకుని, చల్లగా ఏదో తగిలినట్టు తడుముకుంటోంది.

సౌదామిని గబగబా ఆఖరి పేజీ తిప్పింది. గుండ్రటి అక్షరాలతో, అమ్మ ఎప్పుడూ పెట్టినట్టే అడుగున పెట్టింది పిల్ల. "హామీపత్రం. ఇది నా సొంత రచన. దేనికీ అనువాదం గాని అనుకరణ గాని కాదు. ఈ రచనలోని అనుభూతి ఇకపై నా వద్ద గాని మరెవరి వద్ద గాని ఉండదు. ఇట్లు, తరళ, ఏడవ తరగతి, బి సెక్షను."

"ఇలా రావే" అంది సౌదామిని చేతులు చాచి. "జడలు వేస్తాను. కథ చెప్తాను, రా తల్లీ."

"వద్దులే అమ్మా, నేనే వేసుకుంటాను. ఆలస్యమవుతోంది." తరళ అద్దం ముందు నిలబడి పాయలు విడదీసుకుంది. తల్లి వెక్కిళ్ళు విని ఒకసారి వెనక్కి తిరిగి, పెద్దదానిలా ఓదార్పుగా చెప్పింది. "ఏడవకు. నాకు అన్నీ గుర్తున్నాయిలే."

సౌదామిని నీలం పట్టీ అందుకుంది. పిల్ల నోటుపుస్తకంలోనే తెల్ల కాగితం తీసి కూర్చుంది. ఇచ్చేస్తాను, నీది నీకు ఇచ్చేస్తాను అనుకుంటూ, ముందు హామీపత్రమే మొదలెట్టింది. ఇది నా సొంత రచన. దేనికీ అనువాదం గాని అనుకరణ గాని కాదు. మూడో వాక్యం దగ్గర ఆమె కలం మొదటిసారి ఆగింది. ఒక్కొక్క మాటా చదువుకుంది. ఇచ్చేస్తే తను మళ్ళీ రాయి అవుతుంది. ఆ రాయి ముందు ఈ పిల్ల మళ్ళీ గ్లాసులు పగలగొట్టుకుంటూ, రోజూ మలుపు దగ్గర కడుపు పట్టుకుని నిలబడాలి. ఇప్పుడైతే దానికి ఏ నొప్పీ లేదు. ఆ ఇంట్లో తల్లీకూతుళ్ళకి కలిపి ఒక్కరికి సరిపడా మాత్రమే మిగిలింది. అది ఎవరి దగ్గరుంటే నొప్పి వాళ్ళది.

సౌదామిని కలానికి మూత పెట్టేసింది.

తరళ రెండు జడలూ సమానంగా, తిన్నగా వేసుకుని, సంచీ తగిలించుకుంది. "వెళ్ళొస్తానమ్మా" అని మెట్లు దిగింది. సౌదామిని పరిగెత్తుకుని మేడ అంచుకి వచ్చి, చెయ్యి పైకెత్తి నిలబడింది. పిల్ల సందులో ఎక్కడా ఆగకుండా నడిచింది. మలుపు వచ్చింది. తరళ వెనక్కి తిరగలేదు.